రాగి పైపుకు టంకం, తలుపుకు గండం

స్నానాలగదికి నిప్పంటించిన ఘనుణ్ణి నేను. నవ్వకండి, నీళ్లుండే చోట మంట పుట్టించాలంటే మామూలు తెలివి చాలదు.

పెళ్లయిన కొత్త. కోరుట్లలో మా ఇంటి గీజరు రాగి పైపు అతుకు దగ్గర కారుతోంది. తెల్లారితే సిరిసిల్ల నుంచి మామ వస్తాడు, వేన్నీళ్లు పోసుకుని జగిత్యాలలో పెళ్లికి పోవాలి.

"ప్లంబర్‌ను పిలువరాదు?" అంది నా భార్య.

"మీ నాయినకు అల్లుని పనితనం జూపిస్త!"

ప్లంబరుతో బేరం కుదరలేదని మాత్రం చెప్పలేదు.

హార్డ్‌వేర్ దుకాణంలో గీచి గీచి బేరమాడి మంట చిమ్మే గ్యాస్ టార్చి, కరిగించి అతుకు వేసే టంకం తీగ సంపాదించాను.

"అన్నా, ముందుగాల పైపుల నీళ్లన్నీ దింపు. ఎన్క రేకు వెట్టు. బకెట్ నిండ నీళ్లు పక్కకుంచుకో" అన్నాడు దుకాణదారు.

"గీ ముచ్చట్లన్ని ఉత్తగనేనా సేటూ?"

"ఉత్తగనే."

దుకాణదారుల ఇంట పుట్టినవాణ్ణి. అమ్ముడుపోని సరుకునే ఉచితంగా అంటగడతారని నాకు తెలియదా? ఆ సలహాలను అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంటి నీళ్లన్నిటికీ వాల్వ్ బంద్ చేసి, టార్చి వెలిగించాను. పైపులో మిగిలిన నీళ్లు చాయ్ గిన్నెలా గుడగుడలాడాయి. టంకం మాత్రం కరగలేదు. మంట పెంచాను. పైపు పక్కనే గోడకు ఆనేలా తెరిచి ఉంచిన ప్లాస్టిక్ తలుపు కరిగింది.

"ఏందయ్యా గీ వాసన?" అంటూ వచ్చింది నా భార్య.

"టంకం వాసన."

"టంకం వెడితే తలుపు గిట్ల వంగుతదా?"

తిరిగి చూస్తే తలుపు ఎండలో పెట్టిన ఐస్‌ఫ్రూట్‌లా జారుతూ, అంచున భగ్గుమంటోంది. బకెట్ ఖాళీ. కుళాయి తిప్పితే గాలి. వాల్వ్ బంద్ చేసిన మహానుభావుణ్ణి నేనే కదా!

"జరుగు, నీ తెలివి మన్నువడ!" అంటూ ఆమె వంటింట్లోంచి గిన్నెడు పచ్చిపులుసు తెచ్చి కుమ్మరించింది. సగం తలుపు మీద, సగం నా మీద. మంటా ఆరింది, నా మీసమూ దిగింది. నెత్తిన ఉల్లిపాయ ముక్కలతో అలాగే నిలబడ్డాను.

పొద్దున్నే మామ దిగాడు. పొయ్యి మీద కాచిన నీళ్లు బకెట్‌లో పెట్టాం. ఆయన తువ్వాల భుజాన వేసుకుని గడప దగ్గర ఆగిపోయాడు.

"అల్లుడా, తలుపేడ వోయింది?"

రెండు చేతులా దుప్పటి చాపి, అటు తిరిగి నిలబడ్డాను.

"నేనే మామా."

లోపల చెంబు చప్పుడు. కాసేపటికి గొంతు వినిపించింది: "తలుపూ, జెర దగ్గరికి జరుగు. గాలొస్తంది."

ఆ దుప్పటి పట్టుకునే ప్రమాణం చేశాను: ఈ జన్మలో టార్చి ముట్టను. ముట్టక తప్పకపోతే, మామ సిరిసిల్లలోనే స్నానం చేసి బస్సెక్కేలా చూసుకుంటాను.