కామాక్షి పిన్ని ఆగిపోయిన చోట... మా బుజ్జమ్మ పాట

మా చిన్నప్పుడు... అల్లూరు పక్కన మా ఊళ్ళో నాట్లు మొదలయ్యాయంటే, మనుషులు కనబడక ముందే పాట వినబడేది. బురదలో వంగి నారు నాటుతూ ఒకామె పాట ఎత్తుకునేది... మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఎత్తుకున్నామె ఆ సందులో ఊపిరి పీల్చుకునేది.

ఎవరైనా అందుకోకపోతే మా అమ్మ ఊరుకునేది కాదు. "ఏందిమే, నోట్లో నారు కుక్కుకున్నారా? ఎత్తుకున్న పాటని కింద పడనీకూడదు!" అని కేకలేసేది. మా వరి కయ్యల్లో అదొక కట్టుబాటు. పాట బాగున్నా, బాగాలేకపోయినా... అందుకోవాల్సిందే!

ఆ పాటల్లోంచే పైకొచ్చింది మా కామాక్షి పిన్ని జట్టు. పిన్ని మా అమ్మకు చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. పిన్ని, పెంచలమ్మ, మస్తానమ్మ... ముగ్గురూ ఇంకా పెళ్ళికాని పిల్లలు. చుట్టుపక్కల ఏ పెళ్ళయినా, మగపెళ్ళివారిని ఆటపట్టించే పాటలకు వీళ్ళకే పిలుపు. ముగ్గురికీ ఒకే రంగు రిబ్బన్లు, ఒకే గుడ్డతో కుట్టించిన జాకెట్లు... ఇప్పటి మాటల్లో చెప్పాలంటే గర్ల్స్ గ్రూపు!

తర్వాత మస్తానమ్మకు పెళ్ళయి బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌కి వెళ్ళిపోయింది. పెంచలమ్మ కావలి వైపు కోడలైపోయింది. మా పిన్ని ఒక్కతే మిగిలింది... పాట మానేసింది. నాట్లకు వచ్చినా తల వంచుకుని నాటుకుంటూ పోయేది. అమ్మ ఎంత కేకలేసినా పలికేది కాదు.

అలాంటి రోజుల్లో మా పెదనాన్న కూతురి పెళ్ళి. మా ఊరికి మొదటిసారి మైకుసెట్టు వచ్చింది. తాటిచెట్టుకు కట్టిన ఆ రేకు గొట్టాన్ని చూడ్డానికే సగం ఊరు వచ్చింది! ఆడవాళ్ళంతా కలిసి పిన్నిని మైకు ముందుకు తోశారు.

"అల్లుడొచ్చె అల్లుడొచ్చె... ఏమి తెచ్చెనే?" అని పాడి పిన్ని ఆగిపోయింది.

అలవాటు మరి! ఆ చోట ఎప్పుడూ మిగతా ఇద్దరూ అందుకునేవాళ్ళు. వాళ్ళు లేరని మనసుకు తెలుసు గానీ నోటికి తెలీదు కదా... పందిట్లో ఎవరూ అందుకోలేదు. గొట్టంలోంచి గుయ్యిమనే రొద ఒక్కటే.

మగపెళ్ళివారిలో ఒక ముసలామె అందుకుంది... పాట కాదు, ఎగతాళి. "ఏం పాపా, మిగతా పాట యాడ పారేసుకున్నావు? పోయి ఎతుక్కోని రాపో!"

వాళ్ళంతా ఒకటే నవ్వు. పిన్ని కళ్ళనిండా నీళ్ళు. ఇక ఈ జన్మలో పాడదనుకున్నాను...

అప్పుడు పందిరి వెనక నుంచి, వంకాయలు తరుగుతున్న మా అమ్మ గొంతు. మైకు అక్కర్లేని గొంతు అది!

"వట్టి చేతులూపుకుంటా... గొప్పలు తెచ్చెనే!"

ఆ వెంటనే కత్తిపీటల ముందు కూర్చున్న ఆడవాళ్ళంతా అందుకున్నారు. నాట్లలో కలిసి పాడినవాళ్ళే కదా! పిన్ని కళ్ళు తుడుచుకుని రెండో పాట ఎత్తుకుంది... మూడోది ఎత్తుకుంది... చివరికి ఆ ముసలామే "ఇంకోటి పాడు తల్లీ" అని అడిగింది. ఆ తర్వాత మా పిన్ని ఒక్కతే ఎన్ని పందిళ్ళలో పాడిందో!

ఇదంతా ఇప్పుడెందుకంటే... మా చిన్నమ్మాయి బుజ్జమ్మ. చెన్నైలో నలుగురమ్మాయిల పాటల గ్రూపులో ఏళ్ళ తరబడి పాడింది. గ్రూపు విడిపోయింది. ఎవరి తప్పూ లేదు, ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. కానీ మా బిడ్డ పాట మానేసింది. ఇంటికొస్తే కూనిరాగం కూడా లేదు. అచ్చం మా పిన్నే! తండ్రిగా నేను పడ్డ దిగులు పగవాడికి కూడా వద్దు...

ఎట్టకేలకు మనసు గట్టి చేసుకుని, సొంతంగా పాప్ పాటలు కట్టుకుని నెట్‌లో పెట్టింది. మొన్న నెల్లూరులో మొదటిసారి ఒక్కతే ప్రోగ్రాం. ముందురోజు నా పక్కన కూర్చుని, "నాన్నా, పల్లవి పాడి జనం వైపు మైకు పెడతానే... ఎవురూ అందుకోకపోతే ఏం జేసేది?" అంది.

పిన్ని సంగతి చెప్పాను. "నేనున్నా కదమ్మా, నేనందుకుంటా" అన్నాను.

"నీ గొంతుతోనా? ఉన్న జనం కూడా లేచి పోతారు నాన్నా!" అని నవ్వింది. ఎంత కాలానికి నవ్విందో నా తల్లి!

కానీ నేను నిజంగానే ఆ పాట బట్టీ పట్టాను. అందులోని ఇంగ్లీషు ముక్కలతో సహా! ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి... మా ఆవిడ, "ఏందయ్యా ఈ వయసులో నీకు పాప్ పాటలు, ఇరుగుపొరుగు ఏమనుకుంటారు" అని తల బాదుకుంది.

ముందు వరసలో కూర్చున్నాను. బుజ్జమ్మ పల్లవి పాడింది... ఆగింది... మైకు జనం వైపు చాచింది. లేచి నిలబడి నోరు తెరిచాను...

నా గొంతు నాకే వినబడలేదండీ! హాలు హాలంతా పాడుతోంది! బుజ్జమ్మ కళ్ళు మూసుకుని, నింపాదిగా ఊపిరి పీల్చుకుంటోంది... కయ్యలో మా అమ్మావాళ్ళలాగే.

వెనకనుంచి ఎవరో కాలేజీ పిల్ల, "కూర్చో తాతా, అక్క కనపడటంలా!" అని అరిచింది.

కూర్చున్నాను. ఇన్నాళ్ళ బరువంతా దిగిపోయి... హాయిగా కూర్చున్నాను.

ఇప్పుడు మా కయ్యల్లో సగం రొయ్యల గుంటలు. మిగతా సగంలో నాట్లేసే మిషన్లు. గట్టు మీద నిలబడితే మోటార్ల మోతే గానీ పాట లేదు. అమ్మా లేదు, పిన్నీ లేదు... పాట అందుకునే జనం కూడా వాళ్ళతోనే పోయారనుకున్నా. పోలేదు.

మీ ఇళ్ళల్లో పాట ఎవరు ఎత్తుకునేవాళ్ళు? గుర్తున్న ఒక్క ముక్క కింద రాయండి... తర్వాతి ముక్క నాకొస్తే నేనందుకుంటా. మా అమ్మ మాట... కింద పడనీకూడదు కదా!