గాడి వదిలిన రేకు

"ఈ చెమ్మకి పాపకి న్యుమోనియా వస్తేనో?"

భర్తకు చెప్పి చెప్పి విసిగిన పద్మకుమారి చివరికి కప్పు వైపు చూసి ఆ మాట అనుకుంది. కోరాపుట్ కొండల్లో వాన పట్టిందంటే ఒక పట్టాన విడవదు. ఆ కార్ఖానా క్వార్టర్లో ఉయ్యాల ఎటు జరిపినా పక్కన గోడ తడిగానే ఉండేది. బీయస్సీలో బూజుల గురించి చదివిందేమో, గోడ మీది నల్లమచ్చలు చూస్తే ఆమెకు వణుకు.

కప్పులు బాగుచేసే కూర్మారావు తారుడబ్బాతో వచ్చాడు. శ్రీకాకుళం వైపు లాంతర్లకు మాట్లు వేసే ఇంట పుట్టినవాడు. కొత్త రైలుదారి పనికి కొండెక్కి, ఇక్కడే ఉండిపోయాడు. గోడకీ సిమెంటు రేకులకీ మధ్య సందు మీద పరిచిన జింకు పట్టీ చూసి, పైనుంచే పగలబడి నవ్వాడు.

"ఓవర్సీరు మంచం ఈ కిందే ఏసుకునీవోడు. సరిగ్గా పొట్ట మీద కారీది!"

పద్మకుమారి సగం నిచ్చెన ఎక్కేసింది. "కారేది అంటావేమిటి?"

అతను దాచలేదు. మునుపు ఈ ఇంట్లో ఉన్న ఓవర్సీరు ఢిల్లీశ్వరరావు కార్ఖానా జింకు రేకు తన కోళ్లగూటికి వాడుకుని, దొంగతనం కూర్మారావు మీద పెట్టాడు. గేటు దగ్గర అందరి ముందూ పంచె విప్పించి వెతికించాడు.

"మా ఆడది సూస్తండగానే, అమ్మి."

ఆ తర్వాత ఈ కప్పు బాగుచేయడానికి పిలిచినప్పుడల్లా, పట్టీ పైఅంచును గోడలో చెక్కిన గాడిలోంచి బయటికి లాగి, మీద నున్నగా తారు పూసి దిగేవాడు. గోడ వెంట జారే నీళ్లు పట్టీ వెనక నుంచి ఇంట్లోకి దిగేవి.

"ఆయన బదిలీ అయిపోయాడుగా! మరి సరిచెయ్యవా?"

"మరిసిపోయేను. ఆడి మీద కోపం మరవనేదు గానీ."

ఆమె దిగి, నిచ్చెన లాగి నేల మీద పడేసింది.

"ఓలమ్మి! ఏటిది?"

"అంచు గాడిలోకి పోయేదాకా అక్కడే ఉండు. కింద పడుకున్నది ఓవర్సీరు కాదు, నా కూతురు."

వాన అందుకుంది. కూర్మారావు తిడుతూనే తారు గీకాడు, అంచు గాడిలో దూర్చి సీసపు ముక్కలతో బిగించాడు. లోపల గోడ మీద ధార ఆగిందని చేత్తో తడిమి చూసుకున్నాకే ఆమె నిచ్చెన నిలబెట్టింది. తడిసి ముద్దయి దిగినవాడు వంటింటి వైపు ఆశగా చూశాడు. ఆమె టీ పెట్టలేదు.

"నాకు తగ్గ మనిషివే," అని నవ్వాడు. "ఒక మాట సెప్తాను ఇను. తారు మెరిసిందని నమ్మీకు. అంచు కింద గోరు పెట్టి సూడు. గోరు దూరిందా, మళ్లీ బిగించాల. నాను ఏసిన పనైనా సరే, సూడకుండా ఒగ్గీకు."

ఏటా రథయాత్రకు ముందు పద్మకుమారి కప్పెక్కి గోరు పెట్టి చూస్తుంది. కింద నిచ్చెన పట్టుకోవడానికి మాత్రం కూర్మారావును రానివ్వదు.