రాస్తారోకోలో ఆరిన వడ్లు

మా బావది కోదాడ. పోలండులో చాలా ఏళ్లుండి, గింజలో తేమ ఎక్కడ దాక్కుంటుందో కనిపెట్టే శాస్త్రం చదివాడు. అక్కడి చలికి ఆవు పాలు కర్రల్లా గడ్డకట్టి వచ్చేవనీ, ఆయన వాటిని మోపు కట్టి భుజాన మోసుకెళ్లేవాడనీ సూర్యాపేటలో ప్రచారం చేసింది నేనే. నమ్మనిది మా అక్క ఒక్కతే. ఆమె ఆయన భార్య.

తిరిగొచ్చాక కొన్నాళ్లు ప్రయోగశాలలో పనిచేశాడు. తర్వాత ఉద్యోగం మానేసి ప్రతిపక్ష పార్టీలో చేరాడు. ఆ పార్టీలోంచి బయటికొచ్చేవాళ్లనే తప్ప, చేరేవాళ్లను మేం చూడడం అదే మొదలు.

ఈ యాసంగి కోతలప్పుడు, ఎండాకాలంలో, త్రిపురారం దగ్గర ఆ పార్టీవాళ్లు రాస్తారోకో పెట్టారు. రోడ్డు పక్కనే ఉన్న కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోవడం లేదని గొడవ. రోడ్డు మీద టెంటు, మైకు. రెండువైపులా బస్సులు ఆగిపోయాయి. పాలకర్రల కథ చెప్పి మైకు బావకిచ్చాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

అంతలో ఒకామె కొంగులో వడ్లు పట్టుకొచ్చింది.

"సారూ, మూడొద్దుల సంది గీడనే కావలి పంటున్న. పచ్చిగున్నయంటున్రు. పొద్దుగూకితే వానొచ్చేటట్టున్నది. తడిస్తే మొలకలొస్తయ్. నువ్వే జెప్పు, గివి పచ్చిగున్నయా?"

లేవు అంటే చాలు, ధర్నా గెలిచినట్టే. మా బావ జేబులోంచి సొంత తేమ మీటరు తీశాడు. గింజలు పోసి, నొక్కి, చూసి, మైకులోనే చెప్పాడు.

"తేమ పంతొమ్మిది శాతముందమ్మా. పదిహేడు దాటకూడదు. వాళ్లు చెప్పింది నిజమే."

మండల నాయకుడు మైకు లాక్కున్నాడు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓ పోలండు సారూ! నువ్వు మా దిక్కా, ఆళ్ల దిక్కా?"

"నీ వైపేనమ్మా. ఆరబోస్తే ఒక్క పూటలో దిగుతుంది."

"ఏడ ఆరబొయ్యాలె? సెంటర్ల జాగ లేదు. నీ నెత్తి మీద పొయ్యాల్నా?"

బావ అటూ ఇటూ చూశాడు. ముందు నల్లటి తారురోడ్డు. నిప్పులాంటి ఎండ. ఒక్క బండి కదలడం లేదు.

"ఇదిగో, ఇక్కడ పొయ్యండి."

పోశారు. పన్నెండింటికి ముగించి భోజనాలకు వెళ్దామనుకున్న మండల నాయకుడు, వడ్లు రోడ్డు మీదున్నాయి కాబట్టి, నాలుగింటిదాకా నినాదాలిచ్చాడు. బస్సులు కాలువ కట్ట మీదుగా మళ్లాయి. బావ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, కాళ్లతో వడ్లలో సాళ్లు తీస్తూ నడిచాడు. వెనక నేను. నా అరికాళ్లు పొంగిన పూరీలయ్యాయి. ఇది మాత్రం నిజం.

"ఏరా, ఆ పాలకర్రలు ఇప్పుడుంటే బాగుండేది కదా," అన్నాడు బావ.

నాలుగున్నరకు కేంద్రంలోని అమ్మాయి తన మీటరు పెట్టింది. పదహారున్నర. కాంటా అయింది, బస్తాలు లారీకెక్కాయి. చివరి బస్తా మీద టార్పాలిన్ పట్టా కప్పుతుంటే మొదటి చినుకు పడింది.

మా బావ చెమటకు ముద్దయిన తెల్ల చొక్కాతో రోడ్డంచున కూలబడి, పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వుతున్నాడు. ఆమె కొంగు దులుపుకుంటూ వచ్చింది.

"ఓటు సంగతి తర్వాత సూద్దాం గని సారూ, ఎల్లుండి మా చెల్లె వడ్లొస్తయ్. జర ఆ పొద్దు గూడ ధర్నా పెట్టు."