గౌరమ్మ మధ్యాహ్నపు ఆట

లాల్‌పేట్ బొగ్గుగని ఆఫీసులో పనిచేసే సదానందం 1999లో నాగపూర్ నుంచి పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కొచ్చాడు. పొద్దున నిండా ఛార్జింగ్ పెట్టి డ్యూటీకి పోతాడు, సాయంత్రం తెరిచేసరికి బ్యాటరీ ఖాళీ. ప్లగ్గు మార్చి చూశాడు. బ్యాటరీ ఊడదీసి రేకులు తుడిచాడు. భార్య గౌరమ్మ పక్కనే నిలబడి టార్చి పట్టింది.

"కరెంటే సక్కగ లేదేమో," అంది అమాయకంగా.

నిజానికి రోజూ మధ్యాహ్నం ప్లగ్గు లేని వంటింట్లో తలుపేసుకుని, ఆమె అందులో పేకాట ఆడేది. చదువు రాకపోయినా రాజెవరో రాణెవరో తెలుసు.

ఒకనాడు సదానందం ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టాడు. "నాగపూర్ల ఇచ్చొస్త. బాగు చేసుడుకు నెల పడ్తదట."

నెల అనేసరికి గౌరమ్మ ప్రాణం ఉసూరుమంది.

"బ్యాటరీ మంచిగనే ఉంది. దినాం నేనే పత్తాలాడుతున్న," అని చెప్పేసింది.

సదానందం సంచి దించాడు. ఆమె తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. అతను గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"గెలుస్తున్నవా?"

"శానసార్లు."

"ఎట్ల? ఆఫీసు పని అని రోజు రాత్రి నేను గదే ఆడుతున్న. ఒక్కసారి గూడ గెల్వలే."

గౌరమ్మ నవ్వు బిగబట్టి సంచి విప్పింది. "గిట్ల కూసోండ్రి, సూపిస్త."