ఎదెల్మీరా పిన్ని రాళ్లు

ఆటుకి సముద్రం వెనక్కి తగ్గగానే మా ఎదెల్మీరా పిన్ని ఆల్చిప్పలు పెకలించే ఇనుప చువ్వ పట్టుకుని రాళ్ల మీదికి దిగేది. చిలోయే దీవిలో ఆ కాస్త చోటే ఆమె లోకం. పెంపకందార్లు తాళ్లకు వేలాడదీసి పెంచే ఆల్చిప్పలంటే ఆమెకు మహా చిన్నచూపు.

"ఊయల్లో పెరిగిన బిడ్డలవి. అల దెబ్బ వాటికేం తెలుసు?" అనేది.

ఆ తాళ్ల మీద కూలి చేసుకునే అల్లుడు నోల్బెర్టో, "రెండూ ఒకటే అత్తయ్యా. కళ్లు మూసుకుని తిని చెప్పు చూద్దాం" అని కవ్వించేవాడు. పిన్ని తినేది, తప్పు చెప్పేది, చచ్చినా ఒప్పుకునేది కాదు.

ఒక ఏడాది మా అఖాతంలో కొత్త తాళ్లు వేస్తామని ఎవరో దరఖాస్తు పెట్టారు. పరీక్షకు విశ్వవిద్యాలయం నుంచి హిమేనా అనే అమ్మాయి వచ్చింది. రాళ్ల మీది ఆల్చిప్పల జన్యువులు తాళ్లవాటికంటే వేరని తేలితే పిన్ని రాళ్ల జోలికి ఎవరూ రారు. రెండూ కలిసిపోయాయని తేలితే కొత్త తాళ్లకు అనుమతి వస్తుంది, రాళ్లు పోయినట్టే.

హిమేనా సంచీతో రాళ్లెక్కుతుంటే పిన్ని చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మాయ్, ఓ తప్పు చేశాను. పోయినేడు తుఫానుకి తాళ్లు తెగి ఆల్చిప్పలు ఒడ్డున పడ్డాయి. నోళ్లు తెరుచుకుని చస్తుంటే చూడలేక ఈ సందుల్లో పెట్టాను."

బతికున్నది ఒడ్డున పడితే తిరిగి రాళ్లకిచ్చేయడం మా ఆడవాళ్ల అలవాటు. అయినా నాకు ఒళ్లు మండింది.

"నోరు మూసుకుంటే పోయేదిగా పిన్నీ!"

"అబద్ధమాడి రాళ్లు దక్కించుకుంటే రేపు వీటి మీద కాలెలా పెట్టనే?"

హిమేనా ఆ సందుల్లోవి కూడా ఏరి తీసుకెళ్లింది. రెండు నెలలకు నవ్వుతూ తిరిగొచ్చింది.

"అన్నీ మీ రాళ్ల జాతివే పెద్దమ్మా! తాళ్లది ఒక్కటీ లేదు. మీరు పెట్టినవి అలలకు నిలవలేదు."

నేను ఎగిరి గంతేశాను. పిన్ని మాత్రం కుర్చీలో కూలబడింది.

"రెండు బుట్టలు పెట్టానే. ఒక్కటీ బతకలేదా?"

పిన్నంటే నాకెందుకంత ప్రాణమో ఆ పూటే తెలిసింది.

ఇప్పటికీ తుఫాను వెలిసిన మర్నాడు పిన్ని బుట్టతో ఒడ్డుకు వెళ్తుంది. బతికున్న తాళ్ల ఆల్చిప్పలను ఏరి నోల్బెర్టో పడవలో పెడుతుంది.

"వీటిని వీటి ఇంటికి చేర్చు అల్లుడూ. మెల్లగా దించు."