కుడివైపు మూడో బెంచీ తగాదా

మా అమ్మమ్మే లేకపోతే పరలోకంలో కూడా జాతికో బెంచీ వేసేవాళ్ళు. దేవదూతలు కాదంటే వచ్చి ఆమెతో వాదించుకోవచ్చు. ఇప్పటిదాకా గెలిచినవాళ్ళు లేరు.

అమ్మమ్మది దర్జీ పని. చర్చిలో పాటలు పాడేవాళ్ళ గౌన్లన్నీ ఆమె కుట్టినవే. ఎవరి పొట్ట ఎంత పెరిగిందో వాళ్ళ ఇంట్లోవాళ్ళకంటే ముందు ఈమెకే తెలుస్తుంది, ఆ సంగతి తనలో దాచుకునే గుణం మాత్రం లేదు.

మూడేళ్ళ కిందట వేరే దేశం నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు మా చర్చిలో చేరాయి. వాళ్ళ రంగు వేరు, యాస వేరు. దేవుడు అందరికీ ఒక్కడే కాబట్టి మావాళ్ళు వాళ్ళని ఎంతో ప్రేమగా ఆహ్వానించి చివరి బెంచీలు చూపించారు. వారం వారం వాళ్ళని చూసి నవ్వేవాళ్ళు. నవ్వడం అయిపోగానే ఎవరింటికి వాళ్ళు పోయేవాళ్ళు. చివరికి విసిగి వాళ్ళు వేరే హాలు చూసుకున్నారు. వాళ్ళకి పెద్దదిక్కు సిటీ బస్సు నడిపే ఒక డ్రైవరమ్మ. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే సెలవు పుచ్చుకుంటామని పాస్టరుగారికి కబురు పెట్టింది.

అప్పుడు పొంగింది మావాళ్ళకి ప్రేమ. ఆగమేఘాల మీద సమైక్యతా కమిటీ వేశారు. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. సభ్యులంతా మావాళ్ళే, అందులో సగం డాక్టరుగారి ఇంటివాళ్ళే. రంగురంగుల చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్న బొమ్మ ఒకటి తెప్పించి గోడకి అంటించారు. అలాంటి నిజమైన చేతులు ఆ సమయానికి పక్క గదిలో కుర్చీలు సర్దుతున్నాయి. వాటిని పిలవాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఆదివారం ప్రతి బెంచీలో మావాళ్ళొకరి పక్కన వాళ్ళవాళ్ళొకరు కూర్చోవాలని కమిటీ తీర్మానించింది. అమ్మమ్మతో ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికుంది?

కుడివైపు మూడో బెంచీ చివర ఆమె చోటు. ఎడమ మోకాలు వంగదు కాబట్టి కాలు దారిలోకి చాపుకుని కూర్చుంటుంది. ఆ రోజు వెళ్ళేసరికి అక్కడ డ్రైవరమ్మ కూర్చుని ఉంది.

"లే," అంది అమ్మమ్మ.

డాక్టరు పరుగున వచ్చాడు.

"అమ్మా, ఈ రోజు సమైక్యతా ఆదివారం. ఈవిడ మన అతిథి."

"మూడేళ్ళుగా వస్తుంటే అతిథేమిటయ్యా? నువ్వెళ్ళి కూర్చో."

డ్రైవరమ్మ కదల్లేదు. "నన్నిక్కడ కూర్చోమన్నారు. లేవను."

"నా మోకాలు వంగదమ్మాయ్. ఇన్నేళ్ళు మిషను తొక్కిన కాలు."

"నాదీ వంగదు. మీరోసారి రోజంతా క్లచ్చి తొక్కి చూడండి."

"క్లచ్చి ఎప్పుడో ఒకసారి తొక్కుతావు. మిషను ఆగకుండా తొక్కాలి."

"ఎప్పుడో ఒకసారా? మీరెప్పుడైనా ట్రాఫిక్కులో బస్సెక్కారా?"

పైన పాస్టరుగారు సహోదర ప్రేమ గురించి గొంతు చించుకుంటున్నారు. కింద బేరం సాగుతోంది. పాటలయ్యేదాకా చివరి చోటు డ్రైవరమ్మది, ప్రసంగం నుంచి అమ్మమ్మది అని తేలేసరికి ఆ ప్రసంగం కాస్తా అయిపోయింది.

ఆరాధన కాగానే డ్రైవరమ్మ లేచి నిలబడింది. "వెళ్ళొస్తామని చెప్పడానికి వచ్చాను. మూడేళ్ళు మీరంతా మమ్మల్ని చూసి నవ్వారు. మాతో పోట్లాడినవాళ్ళు లేరు. ఇవాళ ఈవిడ పోట్లాడింది. మిషను కష్టమా, క్లచ్చి కష్టమా అన్న తగాదా ఇంకా తెగలేదు కాబట్టి కొన్నాళ్ళు ఉండి చూస్తాం. అయితే కమిటీలో సగం మావాళ్ళుండాలి. డాక్టరుగారి ఇంటివాళ్ళు కాస్త తప్పుకుంటే చోటు అదే వస్తుంది."

డాక్టరు నవ్వు సగంలో ఆగిపోయింది. పాస్టరుగారు మాత్రం ఎవరూ అడక్కముందే ఆమెన్ అనేశారు.

ఇదంతా రాసి అమ్మమ్మకి చదివి వినిపించాను. రెండు జాతులనీ కలిపిన మహానుభావురాలు అని ముగించబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"కలపడమూ లేదు, నీ మొహమూ లేదు. మూడేళ్ళు నేను మాత్రం ఆ పిల్లతో ఒక్క మాటన్నా మాట్లాడానా? నా చోటు పోయేసరికి నోరు పెగిలింది. రాస్తే అది రాయి."