రెండు వందల పదహారో మెట్టు

సైటులో అందరూ ఆయన్ని లెక్కల మాస్టారు అంటారు. నిజానికి ఆయన ఏడో తరగతిలో లెక్కలు తప్పి, బడికి ఓ దండం పెట్టి బయటికొచ్చిన మనిషి. పంతొమ్మిదేళ్ళుగా టవర్ క్రేను నడుపుతున్నాడు. పొద్దున్నే ఇనుప స్తంభం లోపలున్న నిచ్చెన పట్టుకుని పైనున్న చిన్న గదిలోకి ఎక్కడం, సాయంత్రం దాకా ఇనుమూ కాంక్రీటూ మోయించడం, దిగడం. ఆ పేరు తెచ్చిపెట్టింది ఆ ఎక్కడమే.

ఆయన మెట్లు లెక్కపెడతాడు. ఈ క్రేనుకి రెండు వందల పదహారు. మధ్యలో ఎవరైనా పలకరించి లెక్క తప్పించారో, నూట తొంభై దగ్గరున్నా సరే, మొత్తం దిగొచ్చి మళ్ళీ ఒకటి నుంచి అందుకుంటాడు. లెక్క తప్పిన రోజు బరువు జారుతుందని ఆయన నమ్మకం. పనిలో చేరిన కొత్తలో ఓ రోజు కొత్త పెళ్ళాం ధ్యాసలో లెక్క మరిచాడట. ఆ మధ్యాహ్నమే సిమెంటు బస్తాలు జారి కిందపడ్డాయట. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ ఆయన మనసులో భయం కూర్చుంది. మెట్లకీ బస్తాలకీ సంబంధమేమిటో ఆయనకీ తెలియదు. అడిగితే తల గీరుకుంటాడు.

కింద హుక్కుకి బరువులు తగిలించేవాడు ఆయన బావమరిది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. వాణ్ణి పనిలో పెట్టించిన రోజున ఆమె, "నా తమ్ముణ్ణి నీ చేతుల్లో పెడుతున్నా" అంది. అంటే ఏదైనా తేడా వస్తే ఇంట్లో ముఖం చూపించలేడన్నమాట. ఆ బావమరిదే అందరికంటే ఎక్కువ ఆట పట్టిస్తాడు. "లోకంలో అందరికీ బుర్ర తలలో ఉంటుంది, మా బావకి మోకాళ్ళలో ఉంది" అంటాడు. లెక్క కుదిరితే మాస్టారు పైనుంచి చెయ్యి ఊపుతాడు. ఆ సమయానికి వాడెప్పుడూ దూరంగా నీళ్ళ డ్రమ్ము దగ్గరే ఉంటాడు. వాడికి పొద్దున్నే దాహమెక్కువ.

రెండు రోజుల సెలవు తర్వాత ఓ ఉదయం మాస్టారు ఎక్కాడు. పైకి చేరేసరికి రెండు వందల పదిహేడు అయింది. దిగాడు. మళ్ళీ ఎక్కాడు, ప్రతి మెట్టునీ చేత్తో తట్టి మరీ. రెండు వందల పదిహేడే.

వాళ్ళ నాన్నకి చివరి రోజుల్లో ఇలాగే మొదలైంది. చేతివేళ్ళు లెక్కపెట్టుకుంటే పదకొండు వచ్చేవి. తనకీ ఆ రోజులొచ్చాయా? వచ్చి ఉంటే ఈ మతితో బావమరిది నెత్తిమీద టన్నుల బరువు తిప్పడమేమిటి?

గేటు దాకా కాంక్రీటు లారీలు వరసకట్టాయి. ఇంజనీరు అమ్మాయి విసుగ్గా వచ్చింది. "ఏమైంది మాస్టారూ?"

"ఒక మెట్టు ఎక్కువొస్తోంది మేడమ్."

"అదేదో మంచిదేగా" అన్నాడు బావమరిది. ఎవరూ నవ్వలేదు. వాడికే బావ ముఖం చూసి ఏదో అనిపించింది. "ఉండు, నేను ఎక్కొస్తా" అన్నాడు. రొప్పుతూ దిగొచ్చి, "పదిహేడే" అన్నాడు.

అప్పుడు వెతికారు. సెలవుల్లో మరమ్మతు వాళ్ళు వచ్చి, వంగిపోయిన నిచ్చెన ముక్క ఒకటి తీసి, వేరే క్రేనుది తెచ్చి బిగించారు. దానికి ఒక మెట్టు ఎక్కువ. అంతవరకూ బాగానే ఉంది. అడ్డొస్తున్నాయని స్తంభం బోల్టులు రెండు విప్పారు, తిరిగి బిగించడం మరిచారు. అవి స్తంభం వెనక గోనెగుడ్డలో భద్రంగా ఉన్నాయి. ఇద్దరూ కలిపి మూడుసార్లు వాటి పక్కనుంచే ఎక్కి దిగారు. బరువెత్తి ఉంటే ఏమయ్యేదో ఇంజనీరు చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

మర్నాటి నుంచి అది కంపెనీ నియమమైపోయింది. క్రేను ఎక్కే ప్రతివాడూ మెట్లు లెక్కపెట్టాలి, పైనున్న పలక మీద రాయాలి. "మీది మూఢనమ్మకం కాదు మాస్టారూ, తనిఖీ" అంది ఇంజనీరు మెచ్చుకోలుగా.

మాస్టారు సంతోషించాలి. సంతోషం రాలేదు. ఇన్నాళ్ళూ లెక్క తప్పితే బరువు పడుతుందనుకున్నాడు. తీరా చూస్తే లెక్క తప్పలేదు, తప్పింది స్తంభం. అయితే తన నమ్మకం నిజమైనట్టా, అబద్ధమైనట్టా? భార్యనడిగాడు. "నా తమ్ముడు ఇంటికొచ్చాడు. నాకంతే" అందామె. అది సమాధానమో కాదో కూడా ఆయనకి తేలలేదు.

పది రోజులు తిరిగేసరికి ఓ ఉదయం పైన పలక మీద 217 అని రాసి, సుద్దముక్క పక్కన పెట్టి, ఆగిపోయాడు. ఎప్పుడు లెక్కపెట్టాడు? ఒకటి అన్నది గుర్తుంది. ఇరవై కూడా. తర్వాత కొళాయి బాగుచేయించడం గురించి ఆలోచించాడు. చెయ్యి తనంతట తనే రాసేసింది. భయపడి లెక్కపెట్టినన్నాళ్ళూ ఒక్క మెట్టు జారలేదు, నియమమని లెక్కపెడితే రెండు వందలు జారిపోయాయి.

వాకీటాకీలో ఇంజనీరు గొంతు. "మాస్టారూ, లెక్కెంత?"

పలక మీద అంకె చక్కగా ఉంది. చదివితే సరిపోతుంది. "తెలీదు మేడమ్" అన్నాడు. పలక తుడిచేసి దిగడం మొదలుపెట్టాడు. దిగుతున్నంతసేపూ సిగ్గేసింది. బోల్టులన్నీ నిన్ననే చూశారు. ఏ లోపమూ లేదు. మరి ఎందుకు దిగుతున్నట్టు?

కింద బావమరిది నీళ్ళ డ్రమ్ముకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇవాళ వెక్కిరిస్తాడనుకుని మాస్టారే ముందు అన్నాడు.

"నవ్వరా. కారణం లేకుండానే దిగొచ్చా."

వాడు నవ్వలేదు. నేల చూస్తూ అన్నాడు, "నువ్వు చెయ్యి ఊపలేదు కదా, దిగుతావనుకున్నా."

"నువ్వెప్పుడు చూస్తావు నా చెయ్యి? నీకు నీళ్ళతోనే సరి."

"నాకు పొద్దున్నే దాహమెక్కడిది బావా? నువ్వు చెయ్యి ఊపకుండా ఆ హుక్కు కింద నేనెప్పుడైనా నిలబడ్డానా?"

ఇన్నేళ్ళూ ఎవరి పిచ్చి ఎవరు మోశారో మాస్టారికి లెక్క కుదరలేదు. ఆయన చేతులు ప్యాంటుకి తుడుచుకుని నిచ్చెన దగ్గరికి నడిచాడు. లారీలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. మొదటి మెట్టు మీద కాలుపెట్టి, వాడికి వినపడేలా ఒకటి అన్నాడు.